నత్తలరేవు మీద దండయాత్ర

నత్తలరేవు మీద దండెత్తి రావలసిన అవసరం ప్రపంచంలో ఏ రాజుకూ లేదు. ఆ మాటకొస్తే బస్సుకే లేదు. పక్క ఊరు పెదగెడ్డ దాకా వచ్చి, డ్రైవరు టీ తాగగానే వెనక్కి తిరిగిపోతుంది. అక్కణ్ణుంచి ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ నడవాలి. అలా నడిచి వెళ్లినవాడికి కనిపించేవి ఆరబెట్టిన వలలు, ఆరబెట్టిన చేపలు, ఆరబెట్టిన బట్టలు, వాటి వెనక సముద్రం. ఇందులో ఏది పట్టుకుపోదామని పరాయి దేశపు సైన్యం వస్తుందో ఊరివాళ్లకు ఎంత ఆలోచించినా తట్టలేదు.

రాజధానిలో ఒక పెద్దమనిషికి తట్టింది. ఆయన ఏదో సభలో, "ఇంటింటా ఒక తుపాకీ ఉంటే ఏ విదేశీ సైన్యమైనా మన గట్టు ఎక్కగలదా?" అని అడిగాడు. ఎక్కగలదని ఎవరూ అనలేదు. అలా అనేవాళ్లను సభకు పిలవలేదు. దాంతో ప్రశ్న కాస్తా విధానమైంది, విధానానికి ప్రజా ప్రతిఘటన శాఖ పుట్టింది, శాఖకు జీపు వచ్చింది, జీపులోకి త్రివిక్రమరావు అనే ప్రత్యేకాధికారి ఎక్కాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, శత్రువెవరో ఇంకా ఖరారు కాకముందే తుపాకులు మాత్రం నత్తలరేవు చేరాయి.

ఆ ఊరి సర్పంచి చోడిపల్లి గవరయ్య. మంచివాడు, వేటలో దిట్ట, ఎవరింట్లో కష్టమొచ్చినా ముందుండే మనిషి. ఆయనకున్న ఇబ్బందల్లా నోటితోనే. అది కూడా పూర్తిగా ఆయన తప్పు కాదు. నత్తలరేవులో వలలో పడ్డ చేప గురించి ఎవరూ మాట్లాడరు. బుట్టలో కళ్లెదుట కనబడుతున్నదాని గురించి మాట్లాడేదేముంది? పొద్దుగూకే వేళ ఇసుక మీద చేరి చెప్పుకునేదంతా తప్పించుకుపోయిన చేప గురించే. తప్పించుకున్న చేప ఎప్పుడూ పెద్దదే. ఒకడిది పడవంత అయితే రెండోవాడిది అంతకంటే మూరెడు పొడుగుండాలి, లేకపోతే పరువు పోతుంది. ఆ వేళ ఎదుటివాడి మాటను "అబద్ధం" అన్నవాడికి మళ్లీ పిల్లనిచ్చేవాడుండడు. ఈ విద్యలో ముసలి బైరాగి తాత మొదటివాడు, గవరయ్య రెండోవాడు.

తుపాకులు పంచిన రోజున త్రివిక్రమరావు షామియానా కింద నిలబడి ప్రసంగించాడు.

"పౌర సోదరులారా! మన తుపాకీ గుండు శత్రువుకు తగలనక్కర్లేదు. మన దగ్గర తుపాకీ ఉందన్న స్పృహ తగిలితే చాలు. సదరు స్పృహనే నిరోధక శక్తి అంటారు."

గవరయ్య భార్య కొర్లమ్మ చేపల బుట్ట పక్కన పెట్టి లేచి నిలబడింది. ఆమె లేచిందంటే గవరయ్య గుండె ఒక మెట్టు దిగుతుంది.

"బాబూ, ఆ మిలట్రీవోడి కాడ మా కన్నా పెద్ద తుపాకీ ఉంటాది గదా. మరాడెందుకు బయపడతాడు?"

"మంచి ప్రశ్నమ్మా. శత్రువు రాలేదనుకోండి, మన తుపాకీ చూసి రాలేదన్నమాట. వచ్చాడనుకోండి, తుపాకులు చాల్లేదన్నమాట. మరికొన్ని మంజూరు చేస్తాం. ఎటు చూసినా పథకం విజయవంతమే."

"అది కాదు బాబూ. ఆడొస్తే మాకేటవుద్ది?"

"అది మా శాఖ పరిధిలోకి రాదమ్మా," అని త్రివిక్రమరావు ఎంతో మర్యాదగా కూర్చున్నాడు.

ఇంటికొక తుపాకీ అని చెప్పారు గానీ, వచ్చినవి సగం ఇళ్లకు కూడా సరిపోలేదు. నత్తలరేవువాళ్లకు ఇదొక సమస్య కాదు. వల ఒకడిదీ, పడవ ఒకడిదీ, ఇంజను మరొకడిదీ అయినా వేట అందరిదీ కావడం వాళ్లకు తాతల నాటి అలవాటు. అలాగే వంతులు వేసుకున్నారు. తుపాకీ వచ్చిన ఇంటికి తూటాలు ఇవ్వలేదు. తూటాలు పక్కింటికి ఇచ్చారు. తుపాకీవాడు తూటాలవాడితో దెబ్బలాడుకుంటే ఇద్దరిలో ఎవరికీ ప్రమాదం లేదని బైరాగి తాత అన్నాడు. శాఖవారి శాస్త్రంలో లేని ఈ తెలివి ఎవరూ రాసి పెట్టుకోలేదు.

శిక్షణ కూడా జరిగింది. శత్రువు ఉండవలసిన చోట ఒక బొమ్మను పాతి, అందరి చేతా దాని మీద కాల్పించారు. బొమ్మ క్షేమంగా ఉంది. తాటిచెట్టు మీద కల్లుకుండ మాత్రం పగిలింది. ఆ సాయంత్రానికే ఊళ్లో మగవాళ్లంతా తుపాకీకి బద్ధశత్రువులయ్యారు, పంచాయతీ ఆఫీసులో ఒక మూల తుపాకులన్నీ పేర్చి తలుపేసేశారు. తూటాలు మటుకు ఎవరింటి బియ్యం డబ్బాలో వాళ్లవి ఉండిపోయాయి.

కథ అంతటితో కంచికి పోవలసింది. కానీ ప్రభుత్వం ఏదైనా ఇచ్చిందంటే, ఇచ్చింది ఏమైందని అడగకుండా ఉండదు. కొన్నాళ్లకు తీరంలోని సర్పంచులందరినీ పిలిచి త్రివిక్రమరావు సమీక్షా సమావేశం పెట్టాడు. పెదగెడ్డ సర్పంచి ముందే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మెడలో శాలువా ఉంది.

"పెదగెడ్డ గ్రామం ఈ మూడు నెలల్లో ఒక దండయాత్రను నిరోధించింది," అన్నాడు త్రివిక్రమరావు చప్పట్లు కొడుతూ. "నత్తలరేవు? మీరెన్ని నిరోధించారు?"

గవరయ్య లేచాడు. "మా ఊరికెవులూ రాలేదు బాబూ."

"రాలేదా? రాకపోవడమేమిటి? పక్క ఊరికి వచ్చినవాడు మీ ఊరికి ఎందుకు రాడు? మీ గ్రామంలో అలసత్వం ఉందని రాయమంటారా?"

గవరయ్య పెదగెడ్డ సర్పంచి వైపు చూశాడు. ఆయన శాలువా సర్దుకుని చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు గవరయ్యకు ముల్లులా దిగింది. ఆ పెదగెడ్డవాడు జీవితంలో ఒక్కనాడు కూడా చెప్పుకోదగ్గ చేపను పోగొట్టుకోలేదు. వాడికి శాలువా ఏమిటి?

"రాలేదని కాదు బాబూ," అన్నాడు గవరయ్య. "ఒకటొచ్చింది. వొచ్చి, మా తుపాకులు సూసి, ఎనక్కెల్లిపోనాది."

"ఏది? పడవా?"

"పడవే."

"ఎంత పడవ?"

ఆ ప్రశ్న అడగకుండా ఉండవలసింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరైనా ఎంత అని అడిగితే గవరయ్య తక్కువ చెప్పి ఎరగడు. రెండు చేతులూ చాచాడు, అవి చాలక గది గోడల వైపు చూపించాడు, గోడలూ చాలక కిటికీలోంచి బయటి నీళ్ల ట్యాంకును చూపించాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన మెడలో శాలువా ఉంది, పెదగెడ్డవాడి దానికంటే జరీ ఎక్కువ.

ఆ శాలువాతో ఊరికి పిచ్చెక్కింది. మరుసటి వారం త్రివిక్రమరావు స్వయంగా జీపు దిగి ఇసుక మీద కూర్చుని, "ఇంకేమైనా చూశారా?" అని అడిగాడు. బైరాగి తాత గొంతు సవరించుకున్నాడు. కొండంత ఓడ వచ్చిందన్నాడు. అది తన చుట్ట వెలుగు చూసి ఫిరంగి అనుకుని పారిపోయిందన్నాడు. ఇంకొకడు నీటి కింద నుంచి ఇనప తిమింగలం తల ఎత్తి, ఊరిని ఒక కంట చూసి, తుపాకీ కనబడగానే రెప్ప వేసుకుని మునిగిందన్నాడు. మూడోవాడు ఆకాశం మీద పడ్డాడు. ఒకణ్ణి మించి ఒకడు శత్రువులను తరిమాడు. గోరంతలన్నీ కొండంతలై పైఆఫీసులకు చేరాయి. త్రివిక్రమరావుకు ఇంకో జీపు వచ్చింది.

కొర్లమ్మ ఒక్కతే నవ్వలేదు. "మావా, సేపంటే పోయిన సేప ఎనక్కొచ్చి అడగదు. సర్కారోడు అడుగుతాడు, సూసుకో," అంది. గవరయ్య శాలువా మడతపెట్టుకుంటూ ఆ మాట వినలేదు.

సర్కారువాడు అడగలేదు. నేరుగా ఉత్తర్వే పట్టుకొచ్చాడు. దేశం మొత్తం మీద ఇన్నిసార్లు దండయాత్రకు గురైన గ్రామం మరొకటి లేదనీ, ఇంతటి యుద్ధభూమిలో ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లూ నివసించడం శాఖ మనస్సాక్షికి అంగీకారం కాదనీ, అందుచేత నత్తలరేవును తక్షణం ఖాళీ చేయించి ప్రజలను సముద్రానికి దూరంగా, జీడితోటల వెనక మెట్ట మీద కట్టిన కాలనీకి తరలిస్తున్నామనీ త్రివిక్రమరావు చదివి వినిపించాడు.

ఊరు ఊరంతా కొయ్యబారిపోయింది. గవరయ్య ఆయన కాళ్ల మీద పడ్డాడు.

"అయ్యబాబోయ్, అయ్యన్నీ అబద్దాలు బాబూ! ఒక్క పడవ రాలేదు. ఏదో సేపల కబుర్ల నాగ సెప్పీసినాం. సంద్రం లేపోతే మేం బతకలేం బాబూ!"

త్రివిక్రమరావు జాలిగా లేవదీశాడు. "గవరయ్యగారూ, మీ నిరాడంబరత ప్రశంసనీయం. కానీ ప్రభుత్వం ఒకసారి నమోదు చేసిన దండయాత్రను వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. అవి జరగలేదని శత్రువు వచ్చి చెబితే పరిశీలిస్తాం."

కొర్లమ్మ మొగుడి భుజం పట్టుకు ఊపింది. "తుపాకులున్నాయి గదా మావా! ఊరు పట్టుకుపోడానికి వొచ్చినోణ్ణి ఎదిరించడానికే గదా ఇచ్చినారు. తియ్యి!"

"అయి పరదేశపోల్లకేనే," అన్నాడు గవరయ్య నీరసంగా. "ఈ బాబు మనోడే అయిపోనాడు."

ఆ విధంగా, చేతిలో ఆయుధాలున్న పౌరులను ఖాళీ చేయించడానికి ఒక కాగితం, దాన్ని చదివే గొంతు సరిపోయాయి. ఉత్తర్వులో తుపాకులు తీరప్రాంతపు ఆస్తి కనుక అక్కడే ఉండాలని రాసి ఉంది. తూటాల సంగతి రాయడం మరిచారు, అందుచేత బియ్యం డబ్బాలతోపాటు అవి కూడా మెట్ట ఎక్కాయి. పడవలు మెట్ట ఎక్కవు కాబట్టి పెదగెడ్డ రేవులో చుట్టాల పడవల పక్కన కట్టారు. ఖాళీ ఊరికీ, ఖాళీ తుపాకులకూ కాపలాగా పాపినాయుడు అనే హోంగార్డును కూర్చోబెట్టారు.

కాలనీలో గోడలు నున్నగా ఉన్నాయి. సముద్రం మాత్రం లేదు. గవరయ్యకు పుట్టిన దగ్గర్నుంచీ చెవిలో ఉన్న హోరు ఒక్కసారిగా ఆగిపోయేసరికి, ఇంట్లో ఎవరో పోయినట్టు అనిపించింది. మగవాళ్లు జీడిచెట్ల కింద కూర్చుని చేతులు చూసుకునేవాళ్లు. కబుర్లు ఆగిపోయాయి, తప్పించుకోవడానికి చేపే లేదు. బైరాగి తాత మంచం మీంచి లేవడం మానేశాడు. అది చూసిననాడు గవరయ్యకు కళ్లనీళ్లు ఆగలేదు. శాలువా తీసుకెళ్లి మేకకు కప్పాడు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్దంటారు," అంది కొర్లమ్మ. "నీ నోటికి ఊరే లేకుండా పోనాది. సాల్లే, ఏడ్సింది సాలు. ఆ బాబు ఏటన్నాడు? శత్రువొచ్చి సెప్తే ఇంటానన్నాడు గదా?"

"అన్నాడు."

"మరి శత్రువుని తెద్దుము."

"ఎక్కణ్ణించే?"

"శత్రువెక్కణ్ణించొస్తాడు? సంద్రం మీద్నించే."

గవరయ్య ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె నవ్వడం లేదు. నెమ్మదిగా ఆయనే నవ్వాడు, మెట్ట ఎక్కాక మొదటిసారి. బైరాగి తాత మంచం మీంచి లేచి చుట్ట అడిగాడు.

ఎండ బాగా కాచిన ఒక ఉదయాన పెదగెడ్డ రేవు నుంచి పడవలన్నీ బయల్దేరాయి. లోపలికి చాలా దూరం పోయి, చుట్టు తిరిగి, బారులు తీరి నత్తలరేవు వైపు వచ్చాయి. పడవల పేర్లు కనబడకుండా దుప్పట్లు కప్పారు. ఆడవాళ్లూ, పిల్లలూ, వంట సామానూ అన్నీ వాటిలోనే. పరదేశపు భాష రాదు కనుక ఎవరూ నోరెత్తకూడదని కొర్లమ్మ ఆజ్ఞ. నత్తలరేవువాళ్లు నోరు మూసుకుని పడవ నడపడం అదే మొదలు. మొదటి పడవ ముందుభాగంలో గవరయ్య తలకు తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడు.

గట్టు మీద పాపినాయుడు చద్దన్నం తింటున్నాడు. పడవలను చూసి లేచాడు. ఆయన కళ్లు మంచివి. గవరయ్యనూ, కొర్లమ్మనూ, చుట్టతో సహా బైరాగి తాతనూ గుర్తుపట్టాడు. కానీ సముద్రం మీంచి ఈ తీరానికి వచ్చేవాడెవడైనా శత్రువే అని గోడ మీద పెద్దక్షరాలతో రాయించింది శాఖే. గుర్తుపట్టడం తన విధుల్లో లేదు. ఫోను తీసి త్రివిక్రమరావుకు చేశాడు. ఆ హోరులో వినబడక స్పీకరు పెట్టాడు, దాంతో గట్టుకు చేరిన గవరయ్యకు కూడా అంతా వినబడింది.

"బాబూ, శత్రువొచ్చీసినాడు."

"ఏమిటీ? నిజంగానా?" అవతల కుర్చీ పడిన చప్పుడైంది. "ఎంతమంది?"

"సేలామంది బాబూ. ఆడోల్లు కూడా ఉన్నారు."

"మహిళా దళమా! చేతుల్లో ఏమున్నాయి?"

పాపినాయుడు పరీక్షగా చూశాడు. "ఒకామె సేతిలో కోడుంది బాబూ."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "అది వాళ్ల పతాక చిహ్నం అయి ఉంటుంది. ఆలస్యం చేయకు, తుపాకీ పేల్చు!"

"తూటాల్లేవు బాబూ."

"ఏమయ్యాయి?"

"ఊరోల్ల ఇల్లల్లో ఉన్నాయి."

"ఊరివాళ్లేరీ?"

"మీరే పంపీసినారు గదా బాబూ, ఇక్కడ శత్రువొస్తాడని."

అవతల నిట్టూర్పు వినబడింది. "సరే, వ్యూహాత్మకంగా వెనక్కి రా."

పాపినాయుడు చద్దన్నం ముగించి, చేయి కడుక్కుని, వ్యూహాత్మకంగా బయల్దేరాడు. కొర్లమ్మ వెనక నుంచి రెండు ఎండుచేపలు అతని సంచిలో పడేసింది. ఊరు శత్రువుల వశమైంది. వాళ్లు పొయ్యిలు వెలిగించి బియ్యం కడిగారు.

గవరయ్య మాత్రం ఆగలేదు. పెదగెడ్డ దాకా నడిచి, బస్సెక్కి, ఆఫీసులో త్రివిక్రమరావు గదిలోకి వెళ్లాడు. ఆయన తీరపటం ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. ప్రజా ప్రతిఘటన శాఖ కాపాడవలసిన తీరమే పోయిందని పైకి రాస్తే, శాఖా పోతుంది, రెండు జీపులూ పోతాయి.

"బాబూ, ఊరు పోనాదంట గదా," అన్నాడు గవరయ్య. "మా తూటాలు మా కాడున్నాయి. మీరు ఊఁ అనండి, మేమెల్లి విడిపించీసుకుంటాం."

"మీరా? సైన్యం లేకుండానా? పౌరులా?"

"అదేటి బాబూ, పౌరుడు సాలని మొదట్నించీ సెప్పింది మీరే గదా."

త్రివిక్రమరావు తలెత్తి చూశాడు. గవరయ్య పంచె మోకాళ్ల దాకా తడిసి ఉంది, కాళ్లకు ఇసుక అంటి ఉంది.

"పంచె తడిసిందేమిటి?"

"సెమట బాబూ. బస్సులో ఉక్క."

త్రివిక్రమరావుకు తెలివి లేదని ఎవరైనా అంటే అది అన్యాయం. ఉన్న తెలివిని ఎప్పుడు వాడకూడదో తెలిసినవాడు కాబట్టే ఆయన అంతవాడయ్యాడు. ఆ పంచె వైపు కాసేపు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకోకుండానే ఉత్తర్వు చెప్పి రాయించాడు. నత్తలరేవు పౌరులు తక్షణం సదరు గ్రామంలో ప్రవేశించి, శత్రువును వెడలగొట్టి, తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు ఏ కారణం చేతనైనా ఆ తీరాన్ని వదలరాదు.

"ఏ కారణం సేతనైనా," అని గవరయ్య మరొకసారి చదివించుకున్నాడు. తదుపరి ఉత్తర్వులు ఎప్పుడొస్తాయో ఆయనకు తెలుసు. ఊరికి బస్సు కోసం పెట్టుకున్న అర్జీకి ఆయన తాత కాలం నుంచీ అవే రావలసి ఉన్నాయి.

సాయంత్రానికి నత్తలరేవు విముక్తమైంది. శత్రువు వండిన అన్నం పౌరులు తిన్నారు. ప్రాణనష్టం ఒక కోడి.

విజయోత్సవానికి రాజధాని నుంచి ఆ పెద్దమనిషే వచ్చాడు. అదే షామియానా వేశారు. ఇంటింటా తుపాకీ అన్న తన మాట నిజమైందని ఆయన కళ్లు చెమర్చాయి. త్రివిక్రమరావుకు మూడో జీపు ప్రకటించారు. గవరయ్యకు శాలువా కప్పబోతే, వద్దు బాబూ, ఉక్కగా ఉందని చేతులు జోడించాడు.

పెద్దమనిషి మైకు ఆయన నోటి ముందు పెట్టి ఆప్యాయంగా అడిగాడు. "చెప్పు సర్పంచీ, శత్రువు ఎంత సైన్యంతో వచ్చాడు? ఎంత ఓడ?"

షామియానా కింద ఊరంతా ఊపిరి బిగబట్టింది. ఇంతటి ప్రశ్న, ఇంతటి మైకు ఆ ఊరికి మళ్లీ జన్మలో దొరకవు. మగవాళ్ల పెదవులు వాటంతట అవే కదిలాయి. బైరాగి తాత రెండు చేతులూ చాచబోతే కొర్లమ్మ వెనక నుంచి పంచె పట్టుకుని కూర్చోబెట్టింది. గవరయ్య నాలిక మీద కొండంత ఓడ వచ్చి ఆగింది. దాని వెనక సముద్రం హోరు వినబడుతోంది.

ఆయన గుటక మింగాడు.

"ఏటో బాబూ, సిన్నదే," అన్నాడు. "సేలా సిన్నది. పాపం, దారి తప్పొచ్చినట్టున్నారు. మల్లీ రారు."

పెద్దమనిషి కొంచెం నిరాశ పడి మైకు వెనక్కి తీసుకున్నాడు. జీపులు మూడూ ఇసుకలో మొరాయిస్తూ వెళ్లిపోయాయి. నత్తలరేవు పుట్టాక, తప్పించుకుపోయింది చిన్నదని నలుగురిలో ఒప్పుకున్న మొదటి మనిషి గవరయ్య. ఆ తలవంపులు భరించలేక బైరాగి తాత వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.